మిద్దె దిగని మనిషితో కాపురం

నెల్లూరు జిల్లా అల్లూరు వైపు నుంచి ఒక ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. పేరు రాయొద్దన్నారు, ఊరి పేరు మేమే తీసేశాం. వయసు 27, పుట్టిల్లు ఒంగోలు దగ్గర, బీకాం చదివారు. పెళ్లయి రెండేళ్లు దాటింది. భర్తకు 33. రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని. పొద్దున ఆరింటికి పోతే రాత్రి ఎనిమిదికి వస్తారు. అన్నం తిని మిద్దెక్కి, పాత రేడియోలు విప్పి బిగించుకుంటూ కూర్చుంటారు. తాగుడు లేదు, చెయ్యెత్తింది లేదు, గొంతు పెంచింది లేదు. ఒకటో తేదీన జీతం తెచ్చి బీరువాలో పెడతారు. లేనిదల్లా మాట. ఏమడిగినా "ఊ", "సరే", "నీ ఇష్టం". స్నేహితులంటూ ఎవరూ లేరు. పెళ్లిళ్లకు రారు, వచ్చినా అక్షింతలు వేసి బండెక్కేస్తారు. కూర బాగుందనరు, బాగాలేదనీ అనరు. పోయిన ఏడాది ఆమె తండ్రి చనిపోతే షామియానా, ఐస్‌బాక్సు, వంటవాళ్లు, లెక్కాపత్రం అన్నీ ఆయనే చూశారు. కర్మాంతరాలు ముగిసేదాకా ఒక్కసారి కూడా పక్కన కూర్చుని "ఏడవొద్దు" అనలేదు. దాంపత్య సంబంధం మొదట్నుంచీ ఆమె చొరవతోనే. ఎనిమిది నెలలుగా అదీ లేదు.

మూడు నెలల కిందట నెల్లూరులో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకుపోయారు. ఆయన రెండుసార్లు చూసి స్కిజాయిడ్ పర్సనాలిటీ డిజార్డర్ అని రాసి, ఒక మాత్ర ఇచ్చారు. భర్త పది రోజులు వేసుకుని మానేశారు. "నాకేం బాధ లేదు, ఎందుకు పోవాలి?" అన్నారు. బంధువొకరు ఫోన్‌లో వెతికి అది స్కిజోఫ్రెనియా అని, పిచ్చి అని తేల్చేశారు. అత్తగారేమో "వాడు చిన్నప్పట్నించీ అంతేమ్మా, ఒక బిడ్డ పుట్టనీ, వాడే దోవకొస్తాడు" అంటున్నారు. అన్న మాత్రం "ఇంకెన్నాళ్లు చూస్తావు పాపా, దాచిపెట్టి చేశారు, పెద్దమనుషుల్లో పెడదాం" అంటున్నారు. ఇది నిజంగా జబ్బేనా, మందుందా, బిడ్డను కనొచ్చా, నన్ను మోసం చేశారా అని ఆమె అడుగుతున్నారు. తనకు నిద్ర లేదని, ఏడుపు ఆగడం లేదని కూడా రాశారు. "నేనంటే ఇష్టం లేకనేనా ఇదంతా?" అని చివర్లో రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వీలుగానే ఉంది.

అమ్మా, ముందు పిచ్చి అన్న మాటను పక్కన పెట్టండి. పేర్లు దగ్గరగా ఉన్నా స్కిజోఫ్రెనియా వేరు, స్కిజాయిడ్ వేరు. స్కిజోఫ్రెనియాలో లేని గొంతులు వినపడతాయి. ఎవరో హాని తలపెడుతున్నారన్న నమ్మకం ఎంత చెప్పినా పోదు. మాట తలాతోకా లేకుండా పోతుంది, అంతకుముందు చేసుకునే పని చెయ్యలేకపోతారు. స్కిజాయిడ్ మనిషికి లోకం ఉన్నది ఉన్నట్టే కనపడుతుంది. తక్కువగా ఉండేవి రెండు: మనుషులతో దగ్గరితనం కావాలన్న కోరిక, లోపలిదాన్ని పైకి చూపించే తీరు. అయితే స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ల రక్తసంబంధీకుల్లో ఈ స్వభావం కొంత ఎక్కువగా కనిపించవచ్చు. కాబట్టి వాళ్ల వంశంలో ఎవరికైనా అలాంటి జబ్బు ఉండేదేమో అత్తగారిని అడిగి డాక్టరుకు చెప్పండి. ఇకమీదట ఆయన కొత్తగా తనలో తాను మాట్లాడుకోవడం, మీరు అన్నంలో ఏదో కలిపారని అనుమానించడం, రాత్రిళ్లు నిద్రలేకుండా తిరగడం, స్నానం, ల్యాబు రెండూ వదిలేయడం మొదలుపెడితే అది స్వభావం కాదు. ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక రోగ నిర్ధారణ. రెండుసార్లు చూసి రాసిన పేరు కాబట్టి, దాన్ని తుదితీర్పుగా తీసుకోవద్దు. డాక్టర్లు వాడే అమెరికా సూచికలో దీనికి ఏడు లక్షణాలున్నాయి: దగ్గరి బంధాలు కావాలనిపించకపోవడం, దాదాపు ఎప్పుడూ ఒంటరి పనులే ఎంచుకోవడం, శారీరక సంబంధం మీద ఆసక్తి లేకపోవడం, సంతోషమిచ్చే పనులు చాలా తక్కువ కావడం, అమ్మానాన్నా తోబుట్టువులు తప్ప మనసిచ్చి మాట్లాడేవాళ్లు లేకపోవడం, మెచ్చుకున్నా తిట్టినా పట్టనట్టుండటం, భావాల్లో చల్లదనం. వీటిలో నాలుగు, యవ్వనం మొదలయ్యేనాటి నుంచే, ఇంట్లోనూ బయటా ఒకే తీరుగా ఉండాలి. మీ ఉత్తరం ప్రకారం నాలుగు దాటేటట్టే ఉన్నాయి. కానీ పైకి ఇలాగే కనిపించేవి ఇంకా ఉన్నాయి, వాటి దోవలు పూర్తిగా వేరు.

మొదటిది డిప్రెషన్. దానికి 'అంతకుముందు' అనేది ఒకటుంటుంది. ఒకప్పుడు కబుర్లు చెప్పిన మనిషి ఫలానా ఏడాది నుంచి మూగబోయాడంటే అటువైపు చూడాలి. మీ అత్తగారి "చిన్నప్పట్నించీ అంతే" అన్న మాట మీకు చిరాకు తెప్పించి ఉండొచ్చు, డాక్టరుకు మాత్రం అది చాలా విలువైన సమాచారం. రెండోది సాంఘిక భయం. మనుషులు కావాలనే ఉంటుంది, నలుగురూ ఏమనుకుంటారో అని చెమటలు పడతాయి. పెళ్లి నుంచి వచ్చేశాక ఆయన తేలికపడతారా, లేక "ఉండలేకపోయానే" అని కుమిలిపోతారా? తేలికపడితే ఒక సమస్య, కుమిలిపోతే ఇంకో సమస్య. మూడోది ఆటిజం. తెలివితేటలు బాగా ఉండి, చిన్నతనంలో ఎవరూ గుర్తించక, ముప్పైల్లో బయటపడేవాళ్లున్నారు. మాటలు ఎప్పుడొచ్చాయి, తోటి పిల్లలతో ఆడేవాడా, పెద్ద శబ్దాలు, కొన్ని బట్టలు, కొన్ని రుచులు పడకపోవడం ఉందా, రోజూ ఒకే వరుసలో జరగకపోతే గాబరా పడతాడా, ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు పట్టుకోగలడా అన్నవి అడగాలి. వీటికి జవాబులు చెప్పగలిగేది ఆయన్ను పెంచిన తల్లే. అందుకే ఈసారి అత్తగారిని కూడా డాక్టరు దగ్గరకు తీసుకుపోండి, భర్త ఒప్పుకుంటేనే. థైరాయిడ్ తగ్గినా మనిషి మందగిస్తాడు. టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయిస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

ఇంకో డాక్టరు 'స్కిజాయిడ్' అన్న మాటే రాయకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వర్గీకరణలో ఈ పేర్లు విడివిడిగా లేవు. వ్యక్తిత్వ సమస్య ఎంత తీవ్రంగా ఉందో చెప్పి, నిర్లిప్తత ఎక్కువ అని పక్కన చేరుస్తారు. అది చూసి జబ్బు మారిందనుకోవద్దు.

మీరు కొట్టేసిన ప్రశ్నకు వస్తాను. ఆయన మనసులో ఏముందో ఇక్కడి నుంచి చెప్పడం తప్పు. ఈ స్వభావం గురించి తెలిసింది మాత్రం చెప్పగలను. జర్మన్ వైద్యుడు క్రెష్మర్ 1920ల నాటికే ఒక మాట గమనించాడు: పైకి రాయిలా ఉండే ఈ మనుషుల్లో కొందరు లోపల విపరీతమైన సున్నితత్వం ఉన్నవాళ్లు. 1940లో బ్రిటన్ మానసిక విశ్లేషకుడు ఫెయిర్‌బైర్న్, ఆయన తర్వాత గంట్రిప్ దీన్ని ఇంకా లోతుగా చూశారు. ఒంటరితనం భరించలేక మనిషికి దగ్గరవడం, దగ్గరయ్యాక తానంటూ మిగలనేమోనన్న భయంతో వెనక్కి పోవడం, మళ్లీ అదే. లోపల ఇంత పోరాటం అందరిలోనూ ఉండదు, కొందరికి దగ్గరితనం అవసరమే తక్కువ. మీ ఆయన ఏ రకమో ఆయన నోటి నుంచే రావాలి. ఈ రెంటిలో ఏదైనా, అది మీతో పెళ్లికి చాలా ముందే ఉంది. మీ అందం వల్లో, మాటతీరు వల్లో, చదువు వల్లో పుట్టింది కాదు. మీరు ఇంకా ప్రేమగా ఉంటే పోయేదీ కాదు. మీ నాన్నగారు పోయినప్పుడు షామియానా నుంచి లెక్కల దాకా ఆయన చూసుకున్నారంటే, అది ఆయనకు చేతనైన రీతిలో మీ పక్కన నిలబడటం కావచ్చు. అలాగని మీకు ఆ రోజు కావలసిన ఓదార్పు దొరికిందని సరిపెట్టుకోమని చెప్పను. దొరకలేదు. ఆ నొప్పి నిజమైనదే. ఆయన దుర్మార్గుడు కాకపోవడమూ నిజమే.

మందు సంగతి. స్కిజాయిడ్ స్వభావాన్ని మార్చే మాత్ర ఏదీ లేదు. దానికోసమని ఆమోదం పొందిన మందే లేదు. పక్కన డిప్రెషనో ఆందోళనో ఉంటే వాటికి మందు ఇస్తారు, అది పనిచేస్తుంది కూడా. డాక్టరు ఇచ్చిన మాత్ర పేరు మీరు రాయలేదు. అది డిప్రెషన్‌కు ఇచ్చేదైతే పది రోజులు చాలవు, గుణం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంకో సంగతి మీకు ముఖ్యం. ఈ రకం మాత్రల్లో చాలావాటికి లైంగిక కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం దుష్ఫలితాలు. అసలే ఆ విషయంలో దూరం ఉన్న ఇంట్లో ఇది తెలియక వాడితే, నేరం మళ్లీ మీ మీదో ఆయన మీదో పడుతుంది. "దీనివల్ల ఆ ఇబ్బంది వస్తుందా, రాని మందు ఉందా?" అని డాక్టరును సూటిగా అడగండి. భ్రమలు, గొంతులు లేని మనిషికి సైకోసిస్ మందు రాసి ఉంటే ఎందుకు రాశారో కూడా అడగాలి. మాత్ర పొడిచేసి కూరలో కలిపి పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు. ఆ పని ఎన్నటికీ చెయ్యొద్దు. మోతాదు తెలియదు, దుష్ఫలితం వస్తే ఆయనకు కారణం తెలియదు, బయటపడిన రోజు మీ మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తన మంచిచెడ్డలు తెలిసి నిర్ణయించుకోగల మనిషికి ఆయన ఒప్పుకోకుండా చికిత్స చేయడానికి లేదు.

ఉన్న అసలు దారి మాటల చికిత్స. దీని మీద పెద్ద పరిశోధనలు లేవు. స్కిజాయిడ్ మనుషులు తమంతట తాము వైద్యం కోసం రావడమే అరుదు. వచ్చినవాళ్లు ఎక్కువగా మానేసేది మొదట్లోనే. కారణాలు ఊహించగలిగినవే. ఇంట్లోవాళ్లు 'బాగుచేయించుకు రా' అని పంపుతారు. వైద్యుడు మొదటి రోజే "మీకేమనిపిస్తుంది?" అని తవ్వుతాడు. పెళ్లాం పక్కనే కూర్చుని ఫిర్యాదులు చదువుతుంది. ఆయన "నాకేం బాధ లేదు" అన్నది మొండితనం కాకపోవచ్చు, ఆయనకు నిజంగానే బాధ లేకపోవచ్చు. బాధ మీది. అందుకే "మీకు జబ్బు, చూపించుకోండి" అంటే దోవ మూసుకుపోతుంది. "ఈ ఇంట్లో నేను నిద్రపోలేకపోతున్నాను. మనిద్దరికీ గొడవ లేకుండా ఉండే పద్ధతి ఒకటి కావాలి. మూడుసార్లు వచ్చి చూడండి, నచ్చకపోతే మానేద్దాం" అని చెప్పండి. మూడుసార్లు అన్నది ఆయన చేతిలో ఉండే లెక్క. దానికి ఒప్పుకోవడం తేలిక.

పోయినప్పుడు తొలి కొన్ని వారాలు ఆయన ఒంటరిగానే లోపలికి పోవాలి. వారానికో, రెండు వారాలకో ఒకసారి, ముప్పావుగంట. మొదటి కొన్ని నెలలు పెద్దగా ఏమీ జరగనట్టే ఉంటుంది, మౌనంలో తోసుకురాకుండా కూర్చోగలిగిన వైద్యుడే ఇక్కడ పనికొస్తాడు. లక్ష్యం కూడా ఆయనదే కావాలి: 'ఇంట్లో ఏడుపు వినపడకూడదు', 'చుట్టాలొస్తే పారిపోవాలనిపించకూడదు' లాంటివైనా సరే. రోజూ నీళ్ల రీడింగులు రాసే మనిషి కదా, ఆ అలవాటును వాడుకోమని వైద్యుడికి చెప్పండి. ఏ పని తర్వాత అలసట పదికి ఎంత, ఏ పని కాస్త హాయినిచ్చింది అని రెండు వారాలు అంకెల్లో రాస్తే, భావాల గురించి మాట్లాడలేనివాళ్లు కూడా చాలా చెప్పగలుగుతారు. ముఖాముఖి కష్టమైతే ఫోన్‌లోనో రాతలోనో మొదలుపెట్టొచ్చు. గుంపు చికిత్స తొలిరోజుల్లో వద్దు. ఏడాది, రెండేళ్లు పట్టే పని ఇది. అంతా బాగా సాగితే ఆయన కబుర్ల మనిషి అయిపోరు. రోజూ పావుగంట మీ పక్కన కూర్చుని రెండు సంగతులు చెప్పుకునే మనిషి కావచ్చు. ఆ పావుగంట మీకు సరిపోతుందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి.

నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. మాటల చికిత్సకు క్లినికల్ సైకాలజిస్టును అడగండి. బయట చూపించుకుంటే వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు ఉందో లేదో కనుక్కోండి. కౌన్సెలర్ అని బోర్డు కట్టుకున్న ప్రతివాళ్లకూ అది ఉండదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. ఖర్చు లేదు, పగలూ రాత్రీ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఆయన కోసమే కాదు, మీ కోసం కూడా చెయ్యొచ్చు. మీకు నిద్ర లేదు, ఏడుపు ఆగడం లేదు అని రాశారు. ఈ ఇంట్లో ముందు డాక్టరు అవసరమున్నది మీకేనేమో అని నాకనిపిస్తోంది. ఎప్పుడైనా బతుకు వద్దనిపిస్తే ఆ నంబరుకు అప్పటికప్పుడే చెయ్యండి.

వైద్యం ఒకవైపు ఉండగా ఇంట్లో అడిగే తీరు మార్చి చూడండి. "నాతో కాస్త ప్రేమగా ఉండొచ్చు కదా" అంటే ఆయనకు ఏం చెయ్యాలో తెలియదు. చెయ్యదగ్గ పని చెప్పండి, ముందుగా చెప్పండి, ఎప్పుడు అయిపోతుందో చెప్పండి. "ఆదివారం మా అమ్మ వస్తోంది. పదకొండు నుంచి భోజనాలయ్యేదాకా కింద ఉండండి. తర్వాత మిద్దెకు పోవచ్చు." ఇది ఆయన చెయ్యగలరు. చేశాక "ఇంకాసేపు ఉండొచ్చు కదా" అనొద్దు. ఒప్పందం ఒప్పందంగా ఉంటేనే రెండోసారి వస్తారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం కన్నా ఏదో పని చేస్తూ పక్కపక్కన ఉండటం వీళ్లకు తేలిక. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, ఆ రేడియో దగ్గర స్క్రూలు అందిస్తూనో పది నిమిషాలు ఉండండి, ఏమీ అడగకుండా. పెద్ద విషయమైతే వాట్సాప్‌లో రాసి, రేపు సాయంత్రం దాకా టైమివ్వండి. నోటితో "ఊ" అనే మనిషి రాతలో నాలుగు వాక్యాలు రాయడం మామూలే. రాత్రి పదింటికి మిద్దె మెట్లెక్కి "నేనంటే ఇష్టమేనా కాదా" అని నిలదీస్తే మాత్రం ఆయన ఇంకో మెట్టు పైకి పోతారు. మొక్కులున్నాయంటే పెంచలకోనకు పోయి రండి, బ్రహ్మోత్సవాల జనంలో కాదు, మామూలు రోజున.

ఎనిమిది నెలల దూరానికి అన్నీ స్వభావం ఖాతాలో వెయ్యొద్దు. షుగరు పరీక్ష, టెస్టోస్టిరాన్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల పరీక్షలు చేయించడం ఉపయోగం, కొన్నిసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. అన్నీ మామూలుగా ఉంటే, ఆయనకు ఆ కోరిక తక్కువా, అసలే లేదా, ఉన్నా దగ్గరితనం భయమా అన్నది వైద్యుడి ఎదుట అడగాలి. మీరు అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. ఆయన వద్దంటే బలవంతపెట్టడానికీ లేదు.

బిడ్డ విషయంలో అత్తగారి మాటతో నేను ఏకీభవించను. బిడ్డ పుట్టడం ఈ స్వభావానికి చికిత్స కాదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో చప్పుడు, చుట్టాలు, నిద్రలేమి అన్నీ పెరుగుతాయి. మిద్దె మీద గడిపే గంటలు కూడా పెరగొచ్చు. ఇలాంటి తండ్రులు బాధ్యత తప్పుతారని కాదు. టీకాల తేదీలు, పాలడబ్బా, ఫీజులు గడియారంలా చూసుకునేవాళ్లున్నారు. బిడ్డతో ముద్దుగా మాట్లాడటం, ఏడిస్తే ఎత్తుకోవడం చాలావరకు మీ మీదే పడుతుంది. కాన్పు తర్వాత మూడు నెలలు మీ దగ్గర ఉండేదెవరు? మీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది? ఆయనకు బిడ్డ కావాలని ఉందా? ఇది "నీ ఇష్టం" అన్న జవాబుతో తేలేది కాదు. ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా ఆగడం మంచిదని నా అభిప్రాయం. 27 ఏళ్లకు ఒక ఏడాది ఆగితే మించిపోయేది లేదు.

మీ ముందున్న దారులు నాకు మూడు కనిపిస్తున్నాయి. ఆర్నెల్లు గడువు పెట్టుకుని, పైన చెప్పిన పద్ధతిలో చికిత్స, ఒప్పందాలు నడిపి చూడటం ఒకటి. దీనికి మీ ఓపిక ఖర్చవుతుంది, ఫలితం కొద్దిగానే ఉండొచ్చు. కానీ తర్వాత ఏ నిర్ణయం తీసుకున్నా చూసి తీసుకున్నది అవుతుంది. రెండోది, కాపురం ఉంచుకుంటూనే మీ బతుకును మిద్దె వైపు చూడటం నుంచి తప్పించడం: బీకాంతో కావలిలోనో నెల్లూరులోనో ఉద్యోగం, స్నేహితులు, మీ డబ్బు. ఆయనలాంటి మనిషి దీనికి అడ్డు చెప్పకపోవచ్చు, ఆయనకూ ఊపిరాడుతుంది. అత్తగారు మాత్రం నొచ్చుకుంటారు. ఈ ఏర్పాటుతో నిమ్మళంగా బతికే జంటలుంటాయి. పదేళ్లకు లోపల ఎండిపోయామని తెలుసుకునేవాళ్లూ ఉంటారు. మూడోది విడిపోవడం.

దానికొస్తే, మీ అన్నగారు చెప్పే 'మోసం' గురించి చట్టం ఏమంటుందో ముందే తెలిసి ఉండాలి. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు చెయ్యమని అడగొచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపు వెయ్యాలి, తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా భార్యాభర్తలుగా కలిసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అయితే మీ అత్తగారికి కొడుకు మితభాషి అని తెలుసు, జబ్బని తెలియదు. పెళ్లికి ముందు ఏ డాక్టరూ ఏమీ రాయలేదు. లేనిదాన్ని దాచారని రుజువు చెయ్యడం కష్టం. ఇద్దరూ ఒప్పుకుంటే 13బి సెక్షన్ కింద, ఏడాది విడిగా ఉన్నాక, పరస్పర అంగీకారంతో విడాకులకు పోవచ్చు. అర్జీ వేశాక ఆర్నెల్లు ఆగాలి. ఆ ఆర్నెల్లను తగిన కారణముంటే కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. నెల్లూరు, ఒంగోలు జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోన్ నంబరు 15100. ఏ నిర్ణయమూ తీసుకోకముందే ఒకసారి పోయి అడిగి రావొచ్చు. అడిగినంత మాత్రాన కేసు వేసినట్టు కాదు.

పెద్దమనుషుల్లో పెట్టడం మాత్రం ఇప్పుడు వద్దని మీ అన్నగారికి గట్టిగా చెప్పండి. పదిమంది మధ్య నిలబెట్టి "ఎందుకు మాట్లాడవు?" అని అడిగితే ఆయన ఇంకా బిగుసుకుపోతారు. 'పిచ్చోడు' అన్న పేరు అక్కడ ఒకసారి పడితే ల్యాబు ఉద్యోగం దాకా పోతుంది. మీరు ఉండాలనుకున్నా, విడిపోవాలనుకున్నా ఆ పేరు మీ ఇద్దరికీ అడ్డమే. మీ అన్నగారు నిజంగా సాయం చెయ్యాలనుకుంటే, వచ్చే నెల మిమ్మల్ని బండి మీద నెల్లూరు ఓపీకి తీసుకుపొమ్మనండి.